డి.డి. అంటే ఎవరు?

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘంవాళ్లు అడిగినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఢిల్లీ మెట్రో. ఆఫీసు పని మీద వెళ్లి పింక్ లైన్‌లో కూర్చున్నాను. తర్వాతి స్టేషన్ దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ అని వినబడింది. మన విద్యానగర్ ఆసుపత్రి దుర్గాబాయమ్మేనా!

పాతబస్తీ నుంచి మూసీ దాటి అటువైపు ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు. డి.డి. కాలనీ అంటే డి.డి. కాలనీ, అంతే. ఆ రెండు అక్షరాల వెనక మన రాజ్యాంగం రాసిన సభలో కూర్చున్న మనిషి ఉన్నారని నాకు తెలియదు. సివిక్స్‌ను పదో తరగతిలోనే వదిలేసినవాణ్ణి. తిరిగొచ్చాక ఆమె గురించి వరసపెట్టి చదివాను.

దుర్గాబాయి 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం వద్దన్నారు, తండ్రి అడ్డు చెప్పలేదు. పాఠాలు ఇంగ్లీషులో చెబుతున్నారని బడి మానేసి, ఆడవాళ్లకు హిందీ నేర్పే బడి తనే తెరిచారు. (మా పిల్లలకు ఈ ముక్క మాత్రం చెప్పను!) 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు, దేవదాసీలూ బురఖా వేసుకునే ముస్లిం స్త్రీలూ ఆయన్ను కలవాలని పట్టుబట్టింది పన్నెండేళ్లు నిండని ఈ పిల్లే. ఐదు వేల రూపాయల విరాళం తెస్తేనే అన్నారు పెద్దలు. తెచ్చింది. గాంధీజీ మాటల్ని తెలుగులో చెప్పింది కూడా తనే. 1923 కాకినాడ కాంగ్రెస్‌లో ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర టికెట్టు లేదని నెహ్రూనే ఆపేశారు.

ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో మూడుసార్లు జైలు. మధుర జైల్లో ఒంటరి గదిలో పెట్టారు. బయటికొచ్చాక, తోటివాళ్లు చదువులు ముగించిన వయసులో, బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా కట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు హాస్టల్ లేదంటే, పత్రికలో ప్రకటన ఇచ్చి చదువుకోవాలనుకునే అమ్మాయిలను పోగుచేసి హాస్టలే నడిపారు. 1942లో మద్రాసులో లాయరయ్యారు.

1946 డిసెంబరు 9న రాజ్యాంగ సభ మొదలైంది. అందులో మహిళలు పదిహేను మంది. మద్రాసు రాష్ట్రం నుంచి ఎన్నికైన దుర్గాబాయి వారిలో ఒకరు. మన సంస్థానం మాత్రం ప్రతినిధులను పంపలేదు. సరోజినీ నాయుడు హైదరాబాదీయే అయినా ఎన్నికైంది బీహార్ నుంచి. రాజ్యాంగం పూర్తవకముందే, 1949 మార్చిలో ఆమె కన్నుమూశారు. ఈ రాజ్యాంగం హైదరాబాదుకూ వర్తిస్తుందని నిజాం ఫర్మానా వెలువడింది 1949 నవంబరు 23న, అంటే సభ దాన్ని ఆమోదించడానికి సరిగ్గా మూడు రోజుల ముందు. చార్మినార్ చుట్టుపక్కల జనానికి ఆ చర్చల్లో నోరు లేకపోయింది.

అందుకే ఆ సభలో ఆమె ఏం అడిగారో వెతికాను. హిందూ ఆలయాలను ఏదో ఒక వర్గానికి తెరవవచ్చు అన్నట్టున్న మాటను అన్ని వర్గాలకూ అని మార్చమన్నారు. పిల్లలను దోపిడీ నుంచి కాపాడాలన్నారు. చిన్నప్పటి నుంచీ హిందీ నేర్పినావిడే, సంస్కృతం దట్టించిన హిందీ వద్దు, హిందుస్తానీ చాలన్నారు. హిందీ ప్రచారకుల తొందరే దక్షిణాదివాళ్లను దూరం చేస్తోందని కసిరారు కూడా.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది మరొకటి. ఇప్పుడు మనం రాజ్యసభ అంటున్న సభలో సభ్యులు కావడానికి ముప్పై ఐదేళ్లు నిండాలని అంబేద్కర్ ప్రతిపాదించారు. ముప్పై చాలని దుర్గాబాయి సవరణ పెట్టారు. అప్పుడు ఆమెకు ముప్పై తొమ్మిది. తనకు ఆ గడప అడ్డమే కాదు. తన తర్వాత వచ్చేవాళ్ల కోసం అడిగారు. సభ ఒప్పుకుంది. ఈనాటికీ అదే ముప్పై.

1952లో ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు. మరుసటి ఏడాది అప్పటి ఆర్థికమంత్రి చింతామన్ దేశ్‌ముఖ్‌ను పెళ్లాడారు. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలూ ఆవిడే. 1937లో మద్రాసులో పెట్టిన ఆంధ్ర మహిళా సభను హైదరాబాదుకూ విస్తరించారు. విద్యానగర్‌లో ఆసుపత్రి, కాలేజీలు అలా వచ్చినవే.

1981 మే 9న ఆమె పోయారు. అప్పటికి నేను మన బడిలో ఆరో తరగతికి రావలసినవాణ్ణి, వేసవి సెలవుల్లో ఉన్నాను. అంటే ఆమె బతికున్న రోజుల్లోనే ఆ ఆసుపత్రి ముందునుంచి బస్సులో వెళ్లానన్నమాట, కిటికీ పక్కన కూర్చుని, ఏమీ తెలియకుండా.