పేరు మార్చిన మహనీయుడు భాగ్యరెడ్డి వర్మ

1888లో హైదరాబాదులో పుట్టిన మాదరి భాగయ్యే మనం తలచుకునే భాగ్యరెడ్డి వర్మ. 1906లో జగన్మిత్ర మండలి స్థాపించారు, మన పిల్లలకు బడులు పెట్టారు. 1917లో బెజవాడలో పంచమ సభకు అధ్యక్షులై, ఆ పేరునే తప్పుబట్టారు. నాలుగు వర్ణాల బయట ఐదోవాళ్లుగా మనల్ని లెక్కగట్టే మాట అది! అది ఆది ఆంధ్ర సభ అయింది. 1931 నిజాం రాష్ట్ర జనాభా లెక్కల్లోనూ ఆది హిందువులని రాయించారు. 1939లో కన్నుమూశారు.

ఇప్పుడు ఆ లెక్కల పుస్తకం కంప్యూటర్. ఎం.సి.ఎ. చదివిన మేమే రేపు దాని గడులు గీస్తాం. వేలిముద్ర పడని విద్యార్థికి తెరమీద ‘ఇన్‌వాలిడ్ బెనిఫిషియరీ’ అని వస్తుంది. చెల్లనిది ముద్రా, మనిషా? ముద్ర సరిగా పడలేదు, మళ్లీ వేలు పెట్టండి అని రాయడానికి అదే గడిలో చోటుంది.