డయల్‌నీ మిషన్‌నీ మార్చేసిన గడియారాల ఉస్తాద్ బ్రెగె

పాత వాచీ కొని డయల్ మార్చడం, ముళ్లు మార్చడం, లోపల వేరే మిషన్ వేయించడం ఇప్పుడు కుర్రాళ్లకు మంచి సరదా. మా తమ్ముడు కూడా పోయినేడు దాదాజాన్ కీ వాచీకి నీలం డయల్ వేయించాడు. చూడ్డానికి భలే ఉంది. కానీ రోజుకు పది నిమిషాలు వెనకబడుతోంది. పాత డయల్ ఏదని అడిగితే పారేశానన్నాడు షాపతను. అబ్బా రెండు రోజులు వాడితో మాట్లాడలేదు.

అప్పటి నుంచి ఈ పనిలో అసలు ఉస్తాద్ ఎవరా అని చదవడం మొదలుపెట్టాను. చివరికి అబ్రహాం లూయి బ్రెగె దగ్గర ఆగాను.

ఆయన 1747లో స్విట్జర్లాండ్‌లోని నూషాటెల్‌లో పుట్టాడు. పదకొండేళ్లకే తండ్రి పోయాడు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. సవతి తండ్రిది గడియారాల కుటుంబం. అలా పిల్లాడు పదిహేనేళ్లకు పనికోసం ఫ్రాన్స్ చేరాడు. పగలు పని, మిగతా టైములో లెక్కలు. 1775లో పెళ్లి చేసుకుని, పారిస్‌లో నది మధ్య ద్వీపం మీద సొంత దుకాణం పెట్టాడు. ఐదేళ్లకే భార్య చనిపోయింది. మిగిలింది ఒక కొడుకు, ఆ దుకాణం.

అప్పట్లో జేబు గడియారం అంటే నగలాంటిది. పువ్వులు, బొమ్మలు, లావు ముళ్లు. టైమెంతో చూడాలంటే వెతుక్కోవాలి. బ్రెగె ఆ హంగులన్నీ తీసేశాడు. సన్నటి ముళ్లు, కొన దగ్గర చిన్న గుండ్రటి కన్ను. తెల్లటి ఎనామెల్ డయల్ మీద కాస్త వాలిన అంకెలు. వెండి, బంగారు డయళ్ల మీదైతే యంత్రంతో చెక్కిన సన్నటి గీతలు. ఆ గీతల వల్ల వెలుతురు కంట్లో కొట్టదు, ఏ భాగం ఎక్కడుందో తెలుస్తుంది. అది సోకు కోసం మాత్రమే కాదు. ఇవాళ్టి ఖరీదైన వాచీల్లో కూడా ఆ ముళ్లను ఆయన పేరుతోనే పిలుస్తారు.

లోపల పని ఇంకా పెద్దది. గడియారం కిందపడితే మొదట విరిగేది బ్యాలెన్స్ చక్రం ఇరుసు కొన. అది వెంట్రుకంత సన్నం. 1790లో బ్రెగె ఆ కొన ఆనే రాయిని చిన్న స్ప్రింగు మీద నిలబెట్టాడు. దెబ్బ తగిలితే స్ప్రింగు వంగుతుంది, ఇరుసు బతుకుతుంది. ఈరోజు మన చేతి వాచీల్లోని షాక్ ప్రూఫ్ ఏర్పాటుకు మూలం అదే.

ఇంకో జబ్బు ఉంది. జేబులో గడియారం ఎప్పుడూ నిలువుగానే ఉంటుంది. భూమి ఆకర్షణ ఒకే వైపు లాగడంతో టైము తేడా వస్తుంది. బ్రెగె బ్యాలెన్స్ చక్రాన్నీ దానికి సంబంధించిన భాగాలనీ ఒక చిన్న పంజరంలో పెట్టి, పంజరాన్నే తిప్పాడు. ఒక భంగిమలో వచ్చే తప్పును ఇంకో భంగిమలో వచ్చే తప్పు సరిచేస్తుంది. అదే టూర్బియాన్. 1801లో పేటెంట్ వచ్చింది.

మధ్యలో విప్లవం. రాజుగారింటికి గడియారాలు చేసినవాడు కాబట్టి ప్రాణభయం. 1793లో స్విట్జర్లాండ్ వెళ్లిపోయి, 1795లో తిరిగొచ్చాడు. పాత గిరాకీలు చాలామంది లేరు. కామర్స్ చదివిన నాకు ఆయన తర్వాత వేసిన ఎత్తు అన్నిటికన్నా నచ్చింది. ఒకే ముల్లున్న సాదా గడియారం. నాలుగో వంతు డబ్బు ముందే కడితే తయారుచేస్తాడు. గంటకూ గంటకూ మధ్య ఐదేసి నిమిషాల గీతలుంటాయి, ఒక్క ముల్లుతోనే టైము చెప్పుకోవచ్చు. అడ్వాన్సుతో పెట్టుబడి వచ్చింది, పనివాళ్లకు పని దొరికింది.

అదే రోజుల్లో ఉస్మానీ సల్తనత్ రాయబారి పారిస్ వచ్చాడు. ఆయన ద్వారా తుర్కీ గిరాకీ పెరిగింది. వాళ్ల కోసం బ్రెగె రంగురంగుల ఎనామెల్ కేసులు, తుర్కీ అంకెల డయళ్లు చేశాడు. మన ఇళ్లలో ఉర్దూ క్యాలెండర్ మీద కనిపించే అంకెల్లాంటివే. తన ఇష్టం సాదా అయినా, గిరాకీ కంటికి నచ్చిందే ఇచ్చాడు.

పేరు పెరిగేకొద్దీ నకిలీలూ పెరిగాయి. దానికి డయల్ మీద కంటికి సరిగా ఆనని రహస్య సంతకం చెక్కించాడు. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటేనే కనిపిస్తుంది.

లండన్‌లో జాన్ ఆర్నాల్డ్ అని ఇంకో ఉస్తాద్ ఉండేవాడు. పోటీదారు, దోస్తు కూడా. వీళ్ల కొడుకులు ఒకరి దగ్గర ఒకరు పని నేర్చుకున్నారు. 1799లో ఆర్నాల్డ్ చనిపోయాడు. 1808లో బ్రెగె, ఆర్నాల్డ్ చేసిన 11వ నంబరు గడియారం తీసుకుని అందులో తన టూర్బియాన్ బిగించాడు. ఇప్పటి మాటలో చెప్పాలంటే మాడిఫికేషనే. కానీ ఆర్నాల్డ్ పనిని చెరిపేయలేదు. ఇది ఆయన జ్ఞాపకంగా ఇస్తున్నానని లోపల చెక్కించి, ఆర్నాల్డ్ కొడుక్కి ఇచ్చాడు.

బ్రెగె 1823లో పోయాడు. ఆ గడియారం ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాని ఫొటో మా తమ్ముడికి వాట్సాప్‌లో పంపాను. పాత డయల్ కోసం మళ్లీ ఆ షాపుకి వెళ్లాడట.