కల్నల్ శ్రీ సి. కె. నాయుడుగారు

శ్రీ కొఠారి కనకయ్య నాయుడుగారు 1895 అక్టోబరు 31న నాగపూరులో ఒక తెలుగు కుటుంబమున జన్మించిరి. 1926లో బొంబాయి జింఖానా మైదానమున ఆంగ్లేయ జట్టుపై 11 సిక్సరులతో 153 పరుగులు సాధించి, క్రికెట్టు క్రీడయందు పాలితులు పాలకులకు తీసిపోరని నిరూపించిరి. 1932లో ఇంగ్లండునకు వెడలిన భారత జట్టునకు పోరుబందరు మహారాజు నాయకుడు. ఐనను జూన్ 25న లార్డ్సులో ఆరంభమైన దేశపు తొలి టెస్టునకు ఆ ప్రభువు తాను తప్పుకొనగా, సారథ్యము నాయుడుగారికి సంక్రమించెను. ఫీల్డింగులో చేతికి గాయమైనను, మొదటి ఇన్నింగ్సులో వారు జట్టున అందరికన్న మిన్నగా 40 పరుగులు చేసిరి. ఓటమి 158 పరుగులతో కలిగినను, కీర్తి తరుగలేదు. 1956లో పద్మభూషణ బిరుదము వరించెను. 68 ఏండ్ల ప్రాయమునను బ్యాటు చేపట్టిన ఆ ధీరుడు 1967 నవంబరు 14న ఇందోరులో పరమపదించిరి. సింహాసనము పుట్టుకచే లభింపవచ్చును. మైదానమున నాయకత్వము మాత్రము నైపుణ్యమునకే దక్కునని వారి జీవితము చాటుచున్నది.