మన బరంపురం గిరిగారు

రాష్ట్రపతిగా చేసిన వి.వి. గిరిగారంటే మన బరంపురం వాళ్లందరికీ గర్వమే. 1894 ఆగస్టు 10న ఆయన ఇక్కడే పుట్టారు. అప్పట్లో గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. తండ్రి జోగయ్య పంతులుగారు పేరున్న వకీలు.

1913లో గిరిగారు లా చదవడానికి డబ్లిన్ వెళ్లారు. మనలాగే ఐర్లండును కూడా అప్పుడు లండన్ నుంచే ఏలేవారు. మరుసటి ఏడాది యుద్ధం వచ్చింది. దేశ రక్షణ పేరుతో కొత్త చట్టం తెచ్చారు. పత్రికలకు సెన్సారు, అనుమానం వస్తే చాలు విచారణ లేకుండా నిర్బంధం! 1916లో ఈస్టర్ పండుగ రోజుల్లో డబ్లిన్‌లో తిరుగుబాటు లేచింది. వారంలోపే దాన్ని అణిచేశారు. గిరిగారి కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన థామస్ మెక్‌డొనానీ, కార్మిక నాయకుడు జేమ్స్ కొనెలీనీ సైనిక కోర్టులో విచారించి కాల్చి చంపారు. తిరుగుబాటుదారులతో సంబంధాలున్నాయనే అనుమానంతో గిరిగారిని దేశం విడిచి పొమ్మన్నారు. అప్పటికి ఆయనకి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు.

తిరిగొచ్చి బరంపురంలోనే వకీలుగా కుదురుకున్నారు. కానీ మనసంతా కార్మికుల మీదే. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగాలు పోయినవాళ్ల కోసం సమ్మె నడిపించారు. క్విట్ ఇండియా రోజుల్లో జైలుకెళ్లారు. స్వాతంత్ర్యం తర్వాత కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చేసిందని 1954లో ఆ పదవికి రాజీనామా ఇచ్చేశారు. 1969లో రాష్ట్రపతి అయ్యారు.

నన్ను ఆలోచనలో పడేసింది ఆ తర్వాతి కథ. విచారణ లేకుండా జైల్లో పెట్టే మీసా చట్టం 1971లో మొదట ఆర్డినెన్సుగా వచ్చింది. దాన్ని జారీ చేసిన రాష్ట్రపతి గిరిగారే. 1974 మే నెలలో దేశమంతా రైల్వే సమ్మె జరిగింది. వేలమంది కార్మికులను పట్టుకెళ్లి జైళ్లలో పెట్టారు. అప్పుడూ రాష్ట్రపతి ఆయనే.

రాష్ట్రపతి మంత్రివర్గం సలహా ప్రకారమే నడవాలి కదా అని మీరు అనొచ్చు. నిజమే. కానీ డబ్లిన్‌లో అలాంటి అధికారం దెబ్బ తిన్న మనిషి సంతకమే మీసాకీ పనికొచ్చిందంటే, ఇక మామూలు వాళ్ల సంగతేమిటి? పరాయివాళ్ల ప్రభుత్వాన్ని అనుమానించడం తేలిక. మనవాళ్లు, మన ఊరివాళ్లు కుర్చీలో ఉన్నప్పుడు కూడా అడగాల్సింది అడగాలి. 1954లో గిరిగారు చేసి చూపించింది అదే. 1980 జూన్ 24న మద్రాసులో ఆయన కన్నుమూశారు. ఆయన జయంతికి దండ వేసేటప్పుడు రాష్ట్రపతి పదవితో పాటు ఆ రాజీనామా కూడా గుర్తు చేసుకుందాం.