400వ పిల్లి.. ఓ డాక్టరు

జపాన్‌లోని మినమాటాలో చిస్సో రసాయన ఫ్యాక్టరీ ఆసుపత్రికి పెద్ద డాక్టరు హజిమె హొసొకావా. 1901లో పుట్టారు. చిన్నారులకు కాళ్లూచేతులూ స్వాధీనం తప్పుతున్నాయని 1956 మే 1న ఆరోగ్య కేంద్రానికి తెలిపింది ఆయన ఆసుపత్రే. ఊళ్లో పిల్లులూ గింగిరాలు తిరిగి చచ్చేవి. ఫ్యాక్టరీ నుంచి సముద్రంలో కలిసిన మిథైల్ పాదరసం చిన్న జీవుల్లోకి, వాటిని తిన్న చేపల్లోకి, చేపే తిండైన జాలర్ల ఒంట్లోకి చేరి పేరుకుపోయింది.

1959లో హొసొకావా ఫ్యాక్టరీ మురుగునీటిని తిండిలో కలిపి ఓ పిల్లికి పెట్టారు. లెక్కలో అది 400వది. దానికీ అదే జబ్బు! యాజమాన్యం ఫలితాన్ని తొక్కిపెట్టింది. జీతమిచ్చే చోట ఆయనా నోరు విప్పలేదు. ఆ మౌనం చిన్నదేం కాదు, విషం 1968 దాకా పారింది. 1962లో ఉద్యోగం వదిలిన ఆయన, 1970 జులైలో క్యాన్సర్‌తో ఆసుపత్రి మంచం మీదే పిల్లి సంగతంతా సాక్ష్యంగా చెప్పారు. అక్టోబరులో కన్నుమూశారు. బాధితులు కేసు గెలిచింది 1973 మార్చిలో.