మతిమరుపు వెనుక మనిషిని చూసిన డాక్టర్: అలోయిస్ అల్జీమర్



సెప్టెంబర్ 21 ప్రపంచ అల్జీమర్స్ దినం. ఆ సందర్భంగా, ఆ జబ్బుకు ఎవరి పేరు పెట్టారో ఆ డాక్టర్ జీవితం గురించి ఈ నెల తెలుసుకుందాం.

అలోయిస్ అల్జీమర్ 1864 జూన్ 14న జర్మనీలోని మార్క్‌బ్రైట్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. వైద్యం చదివి, 1888లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని మానసిక రోగుల ఆసుపత్రిలో చేరారు. రోగులను కట్టేసి ఉంచే పాత పద్ధతి అక్కడి డాక్టర్లకు నచ్చేది కాదు. అల్జీమర్ రోగుల పక్కన కూర్చుని ఓపికగా మాట్లాడేవారు. మిగిలిన సమయమంతా మైక్రోస్కోప్ ముందే గడిపేవారు.

1901 ఆయనకు కష్టకాలం. ఆ ఏడాది మొదట్లోనే భార్య చనిపోయింది. ముగ్గురు చిన్న పిల్లలు. వాళ్ల బాధ్యత సోదరి తీసుకుంటే, ఆయన పనిలో మునిగిపోయారు. అదే ఏడాది నవంబర్‌లో 51 ఏళ్ల ఆగస్టె డీటర్ అనే ఆమె ఆసుపత్రిలో చేరింది. భర్తను అనుమానించడం, వస్తువులు ఎక్కడెక్కడో దాచేయడం, ఇంటి పనులు మర్చిపోవడంతో మొదలైన జబ్బు అది.

వేరొకరైతే పిచ్చి అని రాసేసి వెళ్లిపోయేవారేమో! అల్జీమర్ ఆమెను అడిగిన ప్రతి ప్రశ్ననూ, ఆమె చెప్పిన ప్రతి జవాబునూ కాగితం మీద పెట్టారు. భర్త పేరు అడిగితే ఆమె తన పేరే చెప్పింది. కాలీఫ్లవర్ తింటూ పాలకూర అంది. పెన్ను, తాళంచెవి చూపిస్తే పేర్లు సరిగ్గానే చెప్పింది కానీ, కాసేపటికి ఏం చూపించారో గుర్తులేదు. తన పేరు రాయబోయి మధ్యలోనే ఆగిపోయింది. భాష, జ్ఞాపకం, భయం, అనుమానం ఒకే మనిషిలో ఎలా కలగలిసిపోతున్నాయో ఆ కాగితాల్లో ఉంది.

తర్వాత ఆయన మ్యూనిక్ వెళ్లారు. 1906 ఏప్రిల్‌లో ఆమె చనిపోయిందని తెలిసి, ఆమె మెదడునూ కేసు కాగితాలనూ తెప్పించుకున్నారు. మైక్రోస్కోప్ కింద మెదడు కణాల మధ్య గడ్డల్లాంటి మచ్చలు, కణాల లోపల చిక్కుపడిన దారాల్లాంటి పోగులు కనిపించాయి. ఆ నవంబర్ 3న ట్యూబింగెన్‌లో డాక్టర్ల సభలో ఈ సంగతి వివరిస్తే ఒక్కరూ ప్రశ్న అడగలేదు. 1910లో ఆయన పెద్ద డాక్టర్ ఎమిల్ క్రెపెలిన్ తన పాఠ్యపుస్తకంలో ఆ జబ్బుకు అల్జీమర్ పేరు పెట్టారు. 1915 డిసెంబర్‌లో, 51 ఏళ్లకే అల్జీమర్ కన్నుమూశారు.

ఆయన మొదలుపెట్టిన పని మన తెలుగు నేల మీదా సాగింది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష వచ్చినవాళ్ల కంటే, రెండు అంతకుమించి భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువురాని వాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. భాషలు వస్తే జబ్బు రాదని దీని అర్థం కాదు. కానీ ఇంగ్లీష్ కోసం ఇంట్లో తెలుగు మానేయాలా అని అడిగే తల్లిదండ్రులకు ఒక ఇంగ్లీష్ మీడియం టీచర్‌గా నా జవాబు ఒకటే: మానొద్దు. పిల్లలకు రెండూ కావాలి.

మన పిల్లల్లో చాలామంది ఇళ్లలో పోర్టులోనో, స్టీల్ ప్లాంట్‌లోనో పనిచేసి రిటైరైన తాతయ్యలు, వాళ్లతోపాటు నానమ్మలు, అమ్మమ్మలు ఉన్నారు. అడిగిందే మళ్లీ అడిగితే, తెలిసిన వస్తువు పేరు తట్టక తడబడితే, తెలిసిన వీధిలో దారి తప్పితే చాదస్తమని కొట్టిపారేయకండి. న్యూరాలజీ డాక్టర్‌కు చూపించండి. కేజీహెచ్‌లోనూ ఆ విభాగం ఉంది.

ఇంకొక్క మాట. అమెరికాలోని అయోవా యూనివర్సిటీ 2014లో చేసిన పరిశోధనలో, అల్జీమర్స్ రోగులు చూసిన సినిమా దృశ్యాలను త్వరగానే మర్చిపోయినా, అవి కలిగించిన బాధ, సంతోషం మాత్రం ఆ తర్వాత కూడా మిగిలాయి. మనం విసుక్కున్న మాట తాతయ్యకు గుర్తుండకపోవచ్చు; ఆ విసుగు పెట్టిన బాధ ఉంటుంది. మనవడు పక్కన కూర్చుని తెలుగులో చెప్పిన కబుర్లు మర్చిపోయినా ఆ సంతోషమూ ఉంటుంది. ఈ ఆదివారం పిల్లల్ని ఒక గంట వాళ్ల దగ్గర కూర్చోబెట్టండి.