మహర్షి దేవేంద్రనాథ ఠాకూరు జీవితమునందలి యొక పాఠము

నీతిని వినుట వేఱు, నీతిభారమును మోయుట వేఱు. సత్యమే పలుకవలెననియు, పరధనము నాశింపరాదనియు మన బాలురు అక్షరాభ్యాసము నాటనుండియు వినుచునే యున్నారు. శతకపద్యములను కంఠస్థము చేసి తడబడక యప్పగించుచున్నారు. కాని వారు పెద్దవారై, ఇంటి తాళపుచెవులు చేతికి వచ్చిన నాడు, పత్రముపైని వ్రాలు చేయవలసిన నాడు, ఆ పద్యములలో నెన్ని వారికి తోడుపడునో చెప్పుట కష్టము. చెవిని పడిన మాట యొకనాటికి జాఱిపోవును. తాను పడి నేర్చిన మాట తుదిదాక నిలుచును. ఈ సంగతిని తన బ్రతుకునందు కనుగొని, పిమ్మట తన బిడ్డకు నా దారినే నేర్పిన మహనీయుని కథను మేమిందు సంగ్రహముగా చెప్పబూనితిమి. దేవేంద్రనాథ ఠాకూరు బ్రాహ్మసమాజమునకు చేసిన సేవను చదువరు లనేకు లెఱుగుదురు. మేము ముఖ్యముగా చెప్పదలచినది ఆయన తీర్చిన యప్పును గూర్చియు, కుమారుని చేతికిచ్చిన గడియారమును గూర్చియు.

దేవేంద్రనాథుడు 1817 వ సంవత్సరము మే నెల 15 వ తేదీని కలకత్తాలోని జోడాసాంకో గృహమునందు జన్మించెను. తండ్రి ద్వారకానాథ ఠాకూరు ఆ కాలపు వంగదేశమున ధనమునందును, దాతృత్వమునందును ప్రసిద్ధికెక్కినవాడు. జమీందారీలు, నీలిమందు, పట్టు, చక్కెర, రాణీగంజి బొగ్గుగనులు, ఇవన్నియు ఆయన వ్యవహారములోనివి. 1834 లో నింగ్లీషు భాగస్వాములతో గలిసి కార్ ఠాకూరు కంపెనీని స్థాపించెను. ఇట్టి యింట పుట్టిన పిల్లవానికి లోపమన నేమో తెలియదు. రామమోహనరాయలు పెట్టిన పాఠశాలలో కొంతకాలము, హిందూకళాశాలలో కొంతకాలము చదివి, పిమ్మట యూనియన్ బ్యాంకులో పినతండ్రి చేతిక్రింద పనికి కుదిరెను. ఆ వయస్సున తాను విలాసములయందు మునిగియుంటినని యాయనయే తన స్వీయచరిత్రమున దాచక చెప్పియున్నాడు.

ఆయనను పెంచినది నాయనమ్మ. ఆమె మడియు, పూజయు, వంటయు, దానధర్మములును చూచుచు నా బాలుడు పెరిగెను. అంత్యకాలము సమీపింపగా నా కాలపు ఆచారముచొప్పున నామెను గంగాతీరమునకు గొనిపోయిరి. ద్వారకానాథు డప్పు డింట లేడు. అతడుండినచో నన్నిట్లు కొనిరానీయడని యామె వాపోయెనట. పెంకుటి పాకలో మూడురాత్రులు గడిచెను. మరణమునకు ముందటి రాత్రి దేవేంద్రనాథు డా పాకచెంత నొక ముతకచాపపైని కూర్చుండియుండెను. నిండు వెన్నెల, ప్రక్కనే శ్మశానము, లోపల భగవన్నామకీర్తనము. ఆ నిమిషమున నా యువకుని మనస్సునకు తన యైశ్వర్యమంతయు తుచ్ఛమని తోచెను. ఇంటనున్న తివాచీలకంటె నా ముతకచాపయే తనకు తగినదనిపించెను. దానితోడనే హేతువు తెలియని యొక యానందము గలిగెను.

మఱునాటికా యానందము మాయమై దిగులు మిగిలెను. ఆ దిగులులో నాయన యొకనాడు తానా దినమున కల్పవృక్షమునని చెప్పి, తన సామగ్రిలో నెవరేది కోరిన నది యిచ్చెదననెను. జ్ఞాతి యొకడు నిలువుటద్దములను, పటములను, జలతారు దుస్తులను అడిగి పట్టుకొనిపోయెను. ఇది వైరాగ్యమే గాని యింకను పండని వైరాగ్యము. తాను గడింపని సొమ్మును పంచిపెట్టుట కొక యుద్రేకము చాలును; తాను చేయని యప్పును నెత్తికెత్తుకొనుటకు వేఱుబలము కావలెను. ఆ బలమునకు పరీక్ష పది సంవత్సరములకు వచ్చెను.

ఈ నడుమ జరిగినవానిని క్లుప్తముగా చెప్పెదము. సంస్కృతపుస్తకమునుండి చినిగిన కాగితమొకటి గాలి కెగురుచు నొకనా డాయన కంటబడెను. అర్థము తెలియక బ్యాంకుపనిలో మనస్సు నిలువక, త్వరగా నింటికి వచ్చి విచారింపగా, అది యీశావాస్యోపనిషత్తులోనిదని రామచంద్ర విద్యావాగీశుడు తెలిపెను. జగత్తంతయు నీశ్వరునిచే నిండియున్నదనియు, ఆయన యిచ్చినదానిననుభవించుచు పరధనమునకు చేయిచాపరాదనియు నా వాక్యముల తాత్పర్యము. 1839 లో తత్త్వబోధినీసభను, 1843 లో తత్త్వబోధినీపత్రికను నెలకొల్పి, ఆ 1843 డిసెంబరు 21 వ తేదీని కొందఱు మిత్రులతో గూడ బ్రాహ్మధర్మదీక్షను గైకొనెను. 1846 ఆగస్టు 1 వ తేదీని ద్వారకానాథుడు లండనులో మరణించెను. తండ్రి శ్రాద్ధమును విగ్రహపూజతో కూడిన పద్ధతిని జరుపననినందున బంధువులు దూరమైరి. బంధువులు దూరమగుట కష్టమే. కాని యంతకంటె కష్టమైనది వెనుక వచ్చుచుండెను.

1847 వ సంవత్సరాంతమున కలకత్తా వర్తకసంఘములు ఒకటివెంట నొకటి కూలసాగెను. యూనియన్ బ్యాంకు మూతపడెను. కార్ ఠాకూరు కంపెనీయు నిలువలేకపోయెను. ఇయ్యవలసినది కోటి రూపాయలు. రావలసినది డెబ్బది లక్షలు. తక్కిన ముప్పది లక్షలకు దారి లేదు. ఇది యాయన తన స్వీయచరిత్రమున నిచ్చిన లెక్క. అయితే ద్వారకానాథుడు దూరదృష్టిగలవాడై 1840 లోనే కొన్ని జమీందారీలను ట్రస్టుపత్రముద్వారా కుమారులకై వేఱుపఱచియుండెను. బిరాహిమ్‌పురము, కాలీగ్రామము, షాజాద్‌పురము, పాండువా అనునవి యట్లు రక్షింపబడినవి. చట్టప్రకారము అప్పులవాండ్రు వానిని తాకరాదు. కంపెనీపక్షమున మాటలాడిన దొర ఋణదాతల సభలో నీ సంగతిని స్పష్టముగా చెప్పెను.

చదువరు లిచ్చట నొక్కింత ఆగి యోచింపవలెను. ఇందులో మోసము లేదు. బినామీ పత్రములు లేవు. భార్యపేర రాత్రికి రాత్రి భూములు వ్రాసిన జాడ లేదు. తండ్రి బ్రతికియుండగా న్యాయముగా చేసిన యేర్పాటది. దానిని పట్టుకొని యూరకున్నచో లోకమున నెవ్వరును తప్పుపట్టజాలరు. చిన్నబిడ్డల తండ్రియైనవానికి ఊరకుండుటయే బుద్ధిమంతుల సలహా యగును. కాని దేవేంద్రనాథునకు ధర్మమునకును, చట్టమునకును గల యెడము కనబడెను. పరధనము నాశింపరాదని తాను చదివినదానికి పరీక్ష యిదేనని తోచెను. తమ్ముడు గిరీంద్రనాథునితో నాలోచించి, ట్రస్టు ఆస్తిని సైతము తామై యొప్పగించెదమని ఋణదాతలకు తెలిపెను. ఆ మాట విని కొందఱు ఋణదాతల కన్నులు చెమర్చెనట. వారు ఆస్తినంతయు తమ స్వాధీనమునకు తీసికొని, కుటుంబపోషణకై సంవత్సరమునకు 25,000 రూపాయలు విడిచిరి.

ఇంటికి పోవుచు బండిలో నాయన, తామా దినమున సర్వస్వదానమగు విశ్వజిద్యాగమును చేసితిమని తమ్మునితో ననెను. తమయొద్ద నిక నేమియు లేదని న్యాయస్థానమున ప్రమాణము చేయవలసివచ్చునేమో యను ప్రసంగము రాగా, ఒంటిమీద గుడ్డపేలిక యున్నంతకాలము ఏమియు లేదని ప్రమాణము చేయజాలమని బదులు చెప్పెను. దివాలా చట్టము నాశ్రయింపవలసిన గతి పట్టకుండుగాక యని కోరెను. సేవకుల సంఖ్య తగ్గెను. బండ్లును, గుఱ్ఱములును వేలమునకు పోయెను. భోజనము మితమయ్యెను. గంగయొడ్డున చాపపైని కోరిన పేదఱిక మిప్పుడు తానై గడప దాటి వచ్చెను. కోరినప్పు డది భావము; వచ్చినప్పు డది నిత్యకృత్యము. ప్రతిదినమును పద్దు చూచుకొని, ఈ రూపాయి నాది కాదు, అప్పులవానిదని తలచుటలో నేర్చునది యే యుపన్యాసమునను దొరకదు.

కొంతకాలమునకు ఋణదాతలు వ్యవహారమును మరల సోదరుల చేతులకే విడిచిరి. సొమ్ము దాచనివారి చేతిలో సొమ్ముండుటయే క్షేమమని వారికి తోచియుండును. కార్యస్థానము జోడాసాంకో యింటికే చేరెను. 1854 లో గిరీంద్రనాథుడు మరణింపగా భారమంతయు అన్నగారిపైని పడెను. ఒక ఋణదాత తీర్పు పొంది దేవేంద్రనాథుని పట్టించిన దినమును వచ్చెను. బంధువు లడ్డుపడి యా యాపదను తప్పించిరి. అయినను ఆయన మార్గము మార్చుకొనలేదు. క్రమక్రమముగా నప్పులన్నియు తీర్చెను. తండ్రి కలకత్తాలోని ధర్మసంస్థకు వాగ్దానము చేసిన లక్ష రూపాయలను సైతము ఋణముగానే యెంచి చెల్లించెను. వాగ్దానమునకు దస్తావేజు లేదని తప్పించుకొనువా రెందఱో మన మెఱిగినదే.

ఈ బాధలలో నలసి యాయన 1856 లో నిల్లు విడిచి హిమాలయములకు పోయెను. సిపాయీల తిరుగుబాటునాటికి సిమ్లాలోనే యుండెను. రెండు సంవత్సరము లేకాంతధ్యానమున గడపెను. కుటుంబభారమును విడిచి యట్లు పోవుట తగునా యని యడుగువారు అడుగవచ్చును. దానికి సమాధాన మాయనకు కొండలయందే దొరకెను. 1858 లో నొకనా డొక యేటిని చూచుచు నిలుచుండెను. కొండపైని నిర్మలమైన యా నీరు పల్లమునకు పోయినకొలది బురదయగును. అయినను పోక మానదు. పోయి పొలములను తడుపును. తాను నేర్చిన సత్యమును తీసికొని క్రిందికి దిగుమని లోపలనుండి యాజ్ఞ యైనట్లు తోచి, ఆ సంవత్సరమే కలకత్తాకు మరలెను. పర్వతమున నేర్చినది పద్దుపుస్తకముకడ నక్కఱకు రానిచో నది సగము నేర్చినదే.

ఇక కుమారుని సంగతి. 1861 లో పుట్టిన రవీంద్రనాథునకు 1873 లో నుపనయన మయ్యెను. ఆ వెంటనే తండ్రి యా పదునొకండేండ్ల బాలుని దూరప్రయాణమునకు వెంటగొనిపోయెను. మొదట బోల్పూరుదగ్గఱి శాంతినికేతనము. 1863 లో తానే యా స్థలమున నిరువది బిఘాల భూమి సంపాదించి యుండెను. అచ్చట పిల్లవానిని ఇసుకలోయలలో నొంటరిగా తిరుగనిచ్చెను. వాడు రంగుఱాళ్లు ఏఱి తెచ్చి చూపినపుడు నవ్వి త్రోసివేయలేదు. వాడు కనిపెట్టిన నీటియూటనుండియే త్రాగునీరు తెప్పించెను. కొన్ని చిల్లరడబ్బులు చేతికిచ్చి లెక్క వ్రాయుమనెను. తన వెలగల బంగారు గడియారమునకు ప్రతిదినమును కీ యిచ్చు పనిని వానికే యప్పగించెను.

పిల్లవాడు డబ్బుల లెక్కలో తప్పెను. ఒకనాడు చేతనుండవలసినదానికంటె నెక్కువ సొమ్ము తేలెను. తండ్రి గద్దింపక, వీని చేతిలో ధనము పెరుగుచున్నది, వీనిని నా ఖజాంచీగా పెట్టుకొనవలెనని పరిహాసమాడెను. గడియారమునకు కీ యిచ్చుటలో బాలుని యుత్సాహము హద్దు మీఱి యంత్రము చెడెను. కలకత్తాకు పంపి బాగుచేయింపవలసివచ్చెను. గడియారము చెడుననుట తండ్రికి తెలియనిది కాదు. చెడిన గడియారమునకు మరమ్మతు గలదు. బాధ్యత యెఱుగక పెరిగిన కుమారునకు మరమ్మతు కష్టము. ఆయన యెంచుకొన్న నష్టమది.

దారిలో నొక పెద్ద రైలుస్టేషనులో మఱియొక పాఠము జరిగెను. బాలున కరటిక్కెట్టు తీసికొనిరి. వయస్సునకు మించిన యెత్తుగలవాడగుటచే ఉద్యోగులకు సందేహము పుట్టెను. తుదకు స్టేషనుమాస్టరే వచ్చి పన్నెండేండ్లు దాటలేదా యని యడిగెను. దాటలేదని చెప్పినను నమ్మక నిండుఛార్జి యడుగగా, దేవేంద్రనాథుడు మాఱుపలుకక నోటు తీసి యిచ్చెను. మిగిలిన చిల్లర తెచ్చి యియ్యగా దానిని ప్లాటుఫారముపైకి విసరివేసెను. కొన్ని రూపాయలకై యసత్యమాడునని తన్ను శంకించుటను ఆయన సహింపలేదు. ముప్పది లక్షల లోటునకు తన సర్వస్వమును విడిచినవాడు గదా! సత్యవ్రతమును గూర్చి యానాడు కుమారునకు వేఱుగా బోధింపవలసిన పని లేకపోయెను.

డల్హౌసీ కొండలలో సూర్యోదయమునకు ముందే సంస్కృతపాఠము, చన్నీటిస్నానము తప్పవు. తక్కిన వేళ కఱ్ఱ చేతబట్టి శిఖరమునుండి శిఖరమునకు బాలు డొంటరిగా తిరుగవచ్చును. నిబంధన యున్నచోట సడలింపు లేదు. స్వేచ్ఛ యిచ్చినచోట కావలి లేదు. ఈ రెంటిని గలపి యొక్క తండ్రి చేతిలో చూచుట యరుదు.

మహర్షియందు లోపములు లేవని మేమనము. సంస్కారములలో నాయన నడక మెల్లనిది. జంధ్యము విడువనివారు వేదికపైని కూర్చుండవచ్చునా యన్న వివాదము పెరిగి, 1866 లో కేశవచంద్రసేనుడును యువకులును వేఱుసమాజమును స్థాపించిరి. అయినను, తాను నమ్మినంతవఱకు దానికి మూల్యము చెల్లింపక తప్పించుకొనిన దోషము మాత్ర మాయనయందు కానము.

వార్ధక్యమున కన్నులు మందగించిన పిమ్మట నెలకొకసారి లెక్కలు చదివించుకొని వినుచుండెను. చదువువాడు రవీంద్రనాథుడు. మొత్తములను మనస్సున నిలుపుకొని, పొందిక లేనిచోట నాపి యడుగుచుండెను. ఎంత తేలికగా దాటింపజూచినను తప్పు దొరకిపోవుచుండెను. 1890 ప్రాంతమున జమీందారీల పాలనమును ఆ కుమారునికే యప్పగించెను. అందు షాజాద్‌పురము, కాలీగ్రామము, బిరాహిమ్‌పురము అనునవి ప్రధానములు. అనగా, తండ్రి యొకప్పుడు ఋణదాతల ముందుంచిన భూములే. వానిని చూడబోయి రవీంద్రనాథుడు రైతుల కష్టముల నెఱిగెను. ఆ కాలీగ్రామమునకు ముఖ్యస్థానమైన పతిసరునందు రైతులకై బ్యాంకు పెట్టి, 1913 లో వచ్చిన నోబెల్ బహుమానధనము నందే యుంచెను. మహర్షి యదివఱకే, 1905 జనవరి 19 వ తేదీని, కన్నుమూసియుండెను.

మన యిండ్లలో బిడ్డల నెంతో ప్రేమతో పెంచుచున్నాము. వారి చేతికి నిండుగ్లాసు నియ్యము, ఒలుకునని. రూపాయి నియ్యము, పాఱవేయుదురని. యుక్తవయస్సు వచ్చినతోడనే ఎస్టేటు నంతయు నొక్కసారి యిత్తుము! ఇరువదియేండ్లు చెంచా నమ్మని చేతిని, ఇరువదియొకటవ యేట గ్రామములతో నమ్ముట యేమి వివేకము? పిల్లవానికి చిన్న మూట నీయుడు, లెక్క యడుగుడు, తప్పినచో నవ్వి సరిదిద్దుడు. మఱియు, మన యప్పుల విషయమున మనమెట్లు నడచుకొందుమో వారు చూచుచునే యుందురని మఱవకుడు.